ఎక్స్ఎస్‌డిలో ఏది గ్లోబల్, ఏది లోకల్? బోర్డర్ బిల్లు మీద పెట్టి చూద్దాం

సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టి పంపే ఫైలు ఎక్స్ఎంఎల్. అందులో ఏ ట్యాగులు, ఏ వరసలో, ఎలాంటి విలువలతో రావాలో చెప్పే నియమాల ఫైలు ఎక్స్ఎస్‌డి, దాన్నే స్కీమా అంటారు. ఫైలు ఆ నియమాలకి సరిపోయిందా అని చూసే ప్రోగ్రామ్ వాలిడేటర్. ఎలిమెంట్ అంటే ట్యాగూ దాని లోపలిదీ కలిపి, టైపు అంటే ఆ ఎలిమెంట్ లోపల ఏముండొచ్చో చెప్పే నియమం. స్కీమాలో పైన రాసింది గ్లోబల్, ఇంకోదాని లోపల రాసింది లోకల్. తొందరలో ఉన్నవాళ్ల కోసం జవాబు ముందే చెప్పేస్తాను. టైపులు గ్లోబల్‌గా పెట్టుకోండి, ఎలిమెంట్లు లోకల్‌గా ఉంచండి, ఫైలంతటినీ చుట్టి ఉండే రూటు ఎలిమెంట్ ఒక్కటి మాత్రం గ్లోబల్. స్కీమా మొదటి ట్యాగులోనే ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్ అన్న ఆట్రిబ్యూట్‌కి క్వాలిఫైడ్ అని విలువ ఇచ్చేయండి. చాలామందికి ఇంతే చాలు. దీన్ని దాటి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అవేమిటో తెలియకుండా దాటితే మాత్రం ఆర్నెల్ల తర్వాత అవతలివాళ్ల ఫైళ్లన్నీ ఒకేసారి ఫెయిలై, ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి.

ఉదాహరణ మన వైపుదే తీసుకుంటున్నా. పర్లాకిమిడిలో ఒక ఏజెన్సీ ఉందనుకోండి. సరుకు కాశీనగర్‌కి వెళ్తుంది, గుణుపురానికి వెళ్తుంది, మహేంద్రతనయ దాటి పాతపట్నానికీ వెళ్తుంది. గుణుపురం బిల్లు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి, ఎందుకంటే అది ఒడిశాలోనే ఉంది. అంతకంటే ఎంతో దగ్గరగా ఉన్న పాతపట్నం బిల్లు మీద ఐజీఎస్టీ పడుతుంది, ఎందుకంటే అది వేరే రాష్ట్రం. ఒకరి జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, ఇంకొకరిది 37తో. ఒకరి చిరునామాలో బ్లాకు, పోలీస్ స్టేషన్ ఉంటాయి, ఇంకొకరి చిరునామాలో మండలం ఉంటుంది. ఈ బిల్లుల్ని ఏజెన్సీ సాఫ్ట్‌వేర్ నుంచి దుకాణాల సాఫ్ట్‌వేర్‌కి ఎక్స్ఎంఎల్‌గా పంపాలి, దానికో స్కీమా రాయాలి. అదీ పని.

జేసన్ అనే ఇంకో ఫైలు పద్ధతి ఉండగా ఇంకా ఎక్స్ఎంఎల్ ఏంటండీ అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. జీఎస్టీ పోర్టల్ జేసనే అడుగుతుంది, నిజమే. కానీ టాలీ ఇప్పటికీ ఎక్స్ఎంఎల్ తీసుకుంటుంది, ఇస్తుంది. ఆధార్ ఆఫ్‌లైన్ కేవైసీ జిప్ విప్పితే లోపల ఉండేది ఎక్స్ఎంఎల్. రిజర్వ్ బ్యాంకు 2013 అక్టోబరులో మొదలుపెట్టిన కొత్త ఆర్‌టీజీఎస్‌లో నడిచేవి ఐఎస్ఓ 20022 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని మెసేజీలు, అవీ ఎక్స్ఎంఎల్లే. కాబట్టి ఎక్స్ఎస్‌డి చదవడం వచ్చి ఉంటే మనలాంటి చిన్న ఆఫీసుల్లో కూడా పనికొస్తుంది.

ఇంకో మాట. కింద చూపించే ట్యాగులు తెలుగులో రాస్తున్నా. ఎక్స్ఎంఎల్ దానికి అడ్డు చెప్పదు, ట్యాగు పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నా ఫైలు సరైనదే. అసలు పనిలో మాత్రం ఇంగ్లీషు పేర్లే పెట్టుకోండి, లేకపోతే మీ పక్క సీట్లో ఉన్న ఒడియా కుర్రాడు ప్రతి ట్యాగుకీ మిమ్మల్ని పిలుస్తాడు.

అసలు తేడా ఎక్కడ

స్కీమా ట్యాగుకి నేరుగా కింద రాసిన డిక్లరేషన్ గ్లోబల్. ఏదో ఒక కాంప్లెక్స్ టైపు (లోపల వేరే ఎలిమెంట్లు ఉండగలిగే టైపు) లోపల రాసింది లోకల్. నిర్వచనం ఇంతే. దీనివల్ల వచ్చే తేడాలు మాత్రం చాలా ఉన్నాయి. గ్లోబల్ ఎలిమెంట్‌ని పేరుతో పిలిచి ఎక్కడైనా వాడొచ్చు, దాన్నే రెఫ్ అంటారు. అది డాక్యుమెంట్‌కి రూటుగా నిలబడగలదు. సబ్‌స్టిట్యూషన్ గ్రూపులో, అంటే ఒకదాని బదులు రాగల ఎలిమెంట్ల జట్టులో, చేరగలదు. అబ్‌స్ట్రాక్ట్‌గా, అంటే తను నేరుగా ఫైలులో రాకుండా తన బదులు వేరేవి వచ్చేలా, ఉండగలదు. లోకల్ ఎలిమెంట్‌కి వీటిలో ఏదీ లేదు, అది ఉన్న చోటే దాని లోకం. మరోవైపు ఎన్నిసార్లు రావాలి అనే లెక్క, అంటే మిన్అకర్స్, మాక్స్అకర్స్, గ్లోబల్ డిక్లరేషన్ మీద రాయనివ్వరు. రెఫ్ చేసిన చోట రాసుకోవాలి. ఇది మంచి నియమమే. కోరాపుట్ జిల్లాకీ మన్యం జిల్లాకీ మధ్య నలుగుతున్న కొఠియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. అక్కడి కస్టమర్‌కి రెండు చిరునామాలు కావాలి, మిగతా అందరికీ ఒకటి చాలు. చిరునామా అంటే ఏమిటి అన్నది ఒకచోట, ఎన్ని ఉండొచ్చు అన్నది వాడే చోట తేలాలి.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. గ్లోబల్, లోకల్ అన్న ప్రశ్న ఒకటి కాదు, రెండు. ఎలిమెంట్ గ్లోబల్‌గా ఉండాలా అన్నది ఒకటి. టైపు గ్లోబల్‌గా, అంటే పేరుతో, ఉండాలా అన్నది ఇంకొకటి. ఈ రెండిటినీ నాలుగు రకాలుగా కలపొచ్చు. ఆ నాలుగింటికీ పేర్లున్నాయి: రెండూ లోకల్ అయితే రష్యన్ డాల్, ఎలిమెంట్లు మాత్రమే గ్లోబల్ అయితే సలామీ స్లైస్, టైపులు మాత్రమే గ్లోబల్ అయితే వెనీషియన్ బ్లైండ్, రెండూ గ్లోబల్ అయితే గార్డెన్ ఆఫ్ ఈడెన్. ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి గుర్తుంచుకోండి, అంతకుమించి ఈ పేర్లతో పని లేదు.

నా లెక్కలో ఈ రెండు ప్రశ్నలకీ ఉన్న బరువు సమానం కాదు. టైపుకి పేరు పెట్టినా, తీసేసినా పంపే ఫైలులో ఒక్క అక్షరం మారదు. ఎలిమెంట్‌ని లోకల్ నుంచి గ్లోబల్‌కి మారిస్తే మాత్రం ఫైలే మారిపోవచ్చు, ఎలాగో కింద నేమ్‌స్పేస్ (పేర్లు కలిసిపోకుండా వాటికి పెట్టే ఇంటిపేరు లాంటిది) దగ్గర చెప్తాను. అందుకే టైపుల విషయంలో ధారాళంగా ఉండొచ్చు, ఎలిమెంట్ల విషయంలో పిసినారిగా ఉండాలి.

అన్నీ లోపలే కుక్కేస్తే

రష్యన్ డాల్ పద్ధతిలో బిల్లు ఒక్కటే గ్లోబల్, మిగతాదంతా దాని కడుపులో. పై నుంచి కిందకి చదువుకుంటూ పోతే ఫైలు ఎలా ఉంటుందో కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. రూటు ఒక్కటే కాబట్టి వేరే ఏదో ట్యాగుతో ఫైలు పంపి సరైనదే కదా అనే అవకాశం లేదు. ఒక పేజీ దాటని స్కీమాకి, బయటివాళ్లెవరూ వాడని దానికి ఇది హాయిగా సరిపోతుంది, దీన్ని తక్కువగా చూడక్కర్లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, అమ్మినవారి చిరునామా ఒకసారి రాస్తారు, కొన్నవారి చిరునామా ఇంకోసారి, సరుకు దింపే చోటు మూడోసారి. అదే పిన్ కోడ్ నియమం, మొదటి అంకె సున్నా కాకూడదు, మొత్తం ఆరంకెలు, మూడు చోట్ల. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, పార్వతీపురం విజయనగరం నుంచి విడిపోయి మన్యం జిల్లా కేంద్రమైంది. జిల్లాల జాబితాని స్కీమాలో ఎన్యూమరేషన్‌గా, అంటే ఒప్పుకునే విలువల పట్టీగా, రాసుకున్నవాళ్లు ఆ రోజు ఎన్ని చోట్ల దిద్దాలి? పేరున్న సింపుల్ టైపు (లోపల ట్యాగులేవీ లేని ఉత్త విలువకి నియమం) అయితే ఒక్కచోట. పేరు లేకుండా లోపల రాసుకుంటే ఎన్నిసార్లు కాపీ చేశారో అన్నిచోట్ల, అందులో ఒకటి మిస్ అవడం ఖాయం. (అసలు ఇలా మారిపోయే జాబితాని స్కీమాలో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెట్టాలనే పట్టుదల ఉంటే విడి ఎక్స్ఎస్‌డిలో పెట్టి ఇన్‌క్లూడ్ చేసుకోండి.)

ఇంకో ఇబ్బంది కొంచెం లోతైనది. ఒక టైపులోనే మళ్లీ రెండు చిరునామాలు ఉన్నాయనుకోండి, బిల్లుకి ఒకటి, డెలివరీకి ఒకటి, మధ్యలో తేదీ. రెండిటికీ ట్యాగు పేరు ఒకటే, రెండిటి లోపలా పేరులేని టైపు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా రాశారు. అయినా వాలిడేటర్ ఒప్పుకోదు, కాస్-ఎలిమెంట్-కన్సిస్టెంట్ అని కొడుతుంది. ఒకే కంటెంట్ మోడల్లో (ఒక టైపు లోపల రావాల్సినవాటి వరసలో) ఒకే పేరున్న ఎలిమెంట్లకి టైపు కూడా ఒకటే అయి ఉండాలి. పేరులేని టైపులు చూడ్డానికి ఎంత ఒకేలా ఉన్నా వాలిడేటర్ లెక్కలో వేర్వేరే. చిరునామాటైప్ అని ఒక పేరు పెట్టి పైకి తీస్తే గొడవ అక్కడితో అయిపోతుంది. అలాగే తనలో తానే మళ్లీ రాగలిగేవి, పెద్ద అట్టపెట్టెలో చిన్న అట్టపెట్టెలు, వాటిలో స్ట్రిప్పులు లాంటి ప్యాకింగు, పేరు లేకుండా రాయడం కుదరదు. దేన్ని పిలవాలో చెప్పడానికి ఏదో ఒక పేరు పైన ఉండాల్సిందే.

అన్ని ఎలిమెంట్లూ పైనే పెడితే

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి సలామీ స్లైస్. పిన్, జిల్లా, మండలం, చిరునామా, దుకాణం, వస్తువు, బిల్లు అన్నీ గ్లోబల్, ఒకదాన్నొకటి రెఫ్ చేసుకుంటూ పోవడమే. మళ్లీ వాడుకోవడానికి వీలుగా ఉంటుంది కదా అని కొత్తగా నేర్చుకున్నవాళ్లకి ఇది బాగా నచ్చుతుంది.

మొదట తగిలే దెబ్బ రూటు. ఎక్స్ఎస్‌డిలో రూటు ఫలానాదే అని చెప్పే పద్ధతి లేదు, ఏ గ్లోబల్ ఎలిమెంట్ అయినా రూటు కావచ్చు. ఇలా పంపితే (ముందున్న బి: అన్నది నేమ్‌స్పేస్‌కి పొట్టిపేరు, దాన్నే ప్రిఫిక్స్ అంటారు):

<బి:పిన్>532213</బి:పిన్>

ఫైలు మొత్తం ఇంతే. బిల్లు లేదు, వస్తువు లేదు, పాతపట్నం పిన్ ఒక్కటే ఉంది. వాలిడేటర్ మాత్రం బ్రహ్మాండంగా ఉందంటుంది. అవతలి ప్రోగ్రామ్ వాలిడేషన్ పాసయిందన్న ధైర్యంతో బిల్లు నంబరు వెతుక్కుని అక్కడ పడిపోతుంది.

రెండోది పేర్ల తగాదా. ఒక నేమ్‌స్పేస్‌లో పేరు అనే గ్లోబల్ ఎలిమెంట్ ఒక్కటే ఉండగలదు. దుకాణం పేరుకి 100 అక్షరాలు కావాలి, వస్తువు పేరుకి ప్రింటరు కోసం 40 దాటకూడదు. రెండిటికీ ఒకే గ్లోబల్ పేరు ఎలిమెంట్ కుదరదు, దుకాణంపేరు, వస్తువుపేరు, ఊరుపేరు అంటూ పేర్లు సాగదీసుకుంటూ పోవాలి. లోకల్ అయితే దుకాణం లోపలి పేరు వేరు, వస్తువు లోపలి పేరు వేరు, రెండిటికీ రెండు టైపులు, ఎవరికీ అభ్యంతరం లేదు. నాకైతే లోకల్ ఎలిమెంట్ల మీద ఇష్టానికి ఇదే పెద్ద కారణం.

అలాగని ఇది పనికిరాని పద్ధతి కాదు. పెద్ద పెద్ద స్టాండర్డ్‌లు కావాలనే ఈ దారి పట్టాయి. కంపెనీలు కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకి లెక్కలు ఇచ్చే ఎక్స్‌బీఆర్‌ఎల్ పద్ధతి చూడండి. అందులో లెక్కల్లోని ప్రతి అంశం, అప్పులు, ఆస్తులు, లాభం, ఒక్కోటి ఒక్కో గ్లోబల్ ఎలిమెంట్, అవన్నీ ఐటమ్ అనే ఒక అబ్‌స్ట్రాక్ట్ ఎలిమెంట్ సబ్‌స్టిట్యూషన్ గ్రూపులో సభ్యులు. కొత్త అంశాలు ఎవరైనా తమ ఫైలులో కలుపుకోవడానికి ఆ ఏర్పాటు. ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ వాళ్ల యూబీఎల్ ఇన్వాయిస్ స్టాండర్డ్‌లో ఎలిమెంట్లూ గ్లోబలే, టైపులూ గ్లోబలే. ఎందుకంటే వాళ్ల ముక్కలు తీసుకుని ఇంకొకరు కొత్త డాక్యుమెంట్ కట్టుకోవాలి. అదే ఐఎస్ఓ 20022 పేమెంట్ మెసేజీలు తెరిచి చూస్తే డాక్యుమెంట్ అనే గ్లోబల్ ఎలిమెంట్ ఒక్కటే, మిగతావన్నీ పేరున్న టైపులు. జీపీఎస్ ట్రాకుల జీపీఎక్స్ 1.1 కూడా అంతే, జీపీఎక్స్ అనే ఒక్క రూటు, కింద టైపులు. ఒకరు ముక్కల గిడ్డంగి ఇస్తున్నారు, ఇంకొకరు పూర్తయిన ఫారం ఇస్తున్నారు. మన బిల్లు ఫారమే కదా.

ఒడిశా చిరునామా, ఆంధ్రా చిరునామా

ఎలిమెంట్‌ని గ్లోబల్ చేయాలా అన్న ప్రశ్న నిజంగా వచ్చేది ఇక్కడే, కాబట్టి దీని మీద కొంచెం ఆగుదాం. ఒడిశా చిరునామాకి ఊరు, పంచాయతీ, బ్లాకు, పోలీస్ స్టేషన్, జిల్లా. ఆంధ్రా చిరునామాకి ఊరు, మండలం, జిల్లా. పిన్ ఇద్దరికీ ఉంది. మూడు దార్లున్నాయి.

అన్నిటికంటే సులువైనది చాయిస్. కొన్నవారి లోపల ఒడిశాచిరునామా గానీ ఆంధ్రాచిరునామా గానీ రావాలని రాస్తే సరి. రెండూ లోకల్ ఎలిమెంట్లే. చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది, ఏ టూలూ గొడవ చేయదు. రేపు మల్కన్‌గిరి మీదుగా ఛత్తీస్‌గఢ్‌కి సరుకు వెళ్లడం మొదలైతే స్కీమా తెరిచి మూడోది కలపాలి, కొత్త వెర్షన్ అందరికీ పంపాలి. స్కీమా మీ చేతిలోనే ఉంటే అదేమంత పని.

రెండోది సబ్‌స్టిట్యూషన్ గ్రూపు. చిరునామా అని అబ్‌స్ట్రాక్ట్ గ్లోబల్ ఎలిమెంట్ ఒకటి పెట్టి, బిల్లులో దాన్నే రెఫ్ చేస్తారు. ఒడిశాచిరునామా, ఆంధ్రాచిరునామా దాని బదులు రాగలవని ప్రకటిస్తారు. సభ్యుల టైపు తలకాయ ఎలిమెంట్ (ఇక్కడ చిరునామా) టైపు నుంచే వచ్చి ఉండాలి, అంటే ఊరు, జిల్లా, పిన్ ఉన్న ఒక ఉమ్మడి టైపు ముందు రాసుకుని మిగతావి దాన్ని ఎక్స్‌టెండ్ చేయాలి, అంటే దానికి తమవి కలుపుకోవాలి. ఎక్స్‌టెన్షన్‌లో కొత్తవి చివర్లోనే కలుస్తాయి, మధ్యలో దూరవు, కాబట్టి బ్లాకు పిన్ తర్వాత వస్తుంది. చూడ్డానికి వింతగా ఉన్నా అలవాటైపోతుంది. దీని లాభం ఏంటంటే ఛత్తీస్‌గఢ్ చిరునామాని ఇంకెవరో వాళ్ల సొంత ఎక్స్ఎస్‌డిలో, మీది ఇంపోర్ట్ చేసుకుని, మీ ఫైలు ముట్టుకోకుండానే కలుపుకోగలరు. ఇది కావాలంటే ఎలిమెంట్లు గ్లోబల్ కావాల్సిందే, లోకల్‌తో కుదరదు.

మూడోది ఎక్స్ఎస్ఐ:టైప్. ఇందులో చిరునామా ఎలిమెంట్ లోకల్‌గానే ఉంటుంది, టైపులు మాత్రం గ్లోబల్. ఉమ్మడి టైపుని అబ్‌స్ట్రాక్ట్ చేసి, పంపేవాడు ఫైలులో ఇది ఒడిశాచిరునామాటైప్ అని ఆట్రిబ్యూట్‌తో చెప్పాలి. జావా, డాట్‌నెట్ లైబ్రరీలకి ఇది నల్లేరు మీద నడక. చేత్తో ఎక్స్ఎంఎల్ రాసేవాళ్లకి, ఎక్సెల్ మాక్రోతో తయారుచేసేవాళ్లకి మాత్రం నరకం, ప్రిఫిక్స్ ఒకటి తప్పినా ఫెయిల్.

బిల్లులు పంపేది పదిమంది దుకాణదారులు, అందులో సగం మంది ఎక్సెల్ మనుషులు అయితే నేను చాయిసే పెడతాను. స్కీమా మీ చేయి దాటి వేరే సంస్థలు దాని మీద కట్టుకుంటాయని తేలినప్పుడు సబ్‌స్టిట్యూషన్ గ్రూపు. ఎక్స్ఎస్ఐ:టైప్ రెండు వైపులా ప్రోగ్రామర్లే ఉన్నప్పుడు.

పన్ను సంగతి కూడా ఇలాంటిదే. ఐజీఎస్టీ ఒక్కటి గానీ, సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీ జత గానీ రావాలి. ఇది ప్రతి వస్తువు వరుసలోనూ, చివరి మొత్తంలోనూ కావాలి. దానికోసం ఎలిమెంట్లని గ్లోబల్ చేయక్కర్లేదు, గ్రూప్ అనేది ఒకటుంది. చాయిస్ మొత్తాన్ని పన్నుభాగం అని పేరున్న గ్రూపుగా పైన రాసి రెండు చోట్లా పిలవొచ్చు, లోపలి ఎలిమెంట్లు లోకల్‌గానే ఉంటాయి. అయితే రెండు జీఎస్టీ నంబర్ల మొదటి రెండంకెలు వేరైతే ఐజీఎస్టీయే ఉండాలి అన్న షరతు ఎక్స్ఎస్‌డి 1.0తో రాయలేం. 2012లో వచ్చిన 1.1లో అసర్ట్ (ఇలాంటి షరతు రాసే వీలు) ఉంది, దాన్ని బిల్లు టైపు మీద పెట్టొచ్చు. కాకపోతే డాట్‌నెట్‌లో వచ్చే వాలిడేటర్‌కి 1.0 మాత్రమే తెలుసు. అవతలివాళ్లు ఏం వాడుతున్నారో కనుక్కుని గానీ దీని జోలికి వెళ్లకండి.

నేమ్‌స్పేస్, అసలు టెన్షన్ అంతా ఇక్కడే

గ్లోబల్ ఎలిమెంట్ ఎప్పుడూ టార్గెట్ నేమ్‌స్పేస్‌కి, అంటే స్కీమా తనదని ప్రకటించుకున్న నేమ్‌స్పేస్‌కి, చెందుతుంది. లోకల్ ఎలిమెంట్ చెందాలా వద్దా అన్నది ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్ చెప్తుంది, మనం ఏమీ చెప్పకపోతే అది అన్‌క్వాలిఫైడ్. అంటే చెందదు. అప్పుడు ఫైలు ఇలా ఉంటుంది, నేమ్‌స్పేస్ లైను వదిలేసి చూపిస్తున్నా:

<బి:బిల్లు>
  <నంబరు>417</నంబరు>
  <కొన్నవారు>
    <పేరు>...</పేరు>
    <బి:చిరునామా>...</బి:చిరునామా>
  </కొన్నవారు>
</బి:బిల్లు>

బిల్లుకి ప్రిఫిక్స్ ఉంది, నంబరుకి లేదు, పేరుకి లేదు, చిరునామాకి మళ్లీ ఉంది. ఎందుకు? స్కీమాలో బిల్లు, చిరునామా గ్లోబల్, మిగతావి లోకల్. ఫైలు రాసేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? స్కీమా తెరిచి చూస్తే తప్ప తెలియదు. ప్రిఫిక్స్ బదులు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ప్రిఫిక్స్ లేని ట్యాగులన్నిటికీ వర్తించేది) పెట్టేసి పని తేలిక చేసుకుందామనుకుంటే ఇంకా చిక్కు, లోకల్ ఎలిమెంట్లు కూడా ఆ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లిపోతాయి, జెర్సిస్ లాంటి వాలిడేటర్ సీవీసీ-కాంప్లెక్స్-టైప్.2.4.ఎ అని మొదలయ్యే ఎర్రర్ ఇస్తుంది, నంబరు దగ్గర తప్పుందంటుంది. మీకేమో నంబరు నిక్షేపంలా కనిపిస్తుంది. ఈ ఎర్రర్ చూడగానే స్పెల్లింగు వెతకడం మానేసి ముందు నేమ్‌స్పేస్ చూడండి. రూటే దొరకలేదని సీవీసీ-ఈఎల్‌టీ.1 వస్తే కూడా అంతే, రూటు గ్లోబల్‌గా ఉందా, నేమ్‌స్పేస్ అక్షరాలా సరిపోయిందా, ఆ రెండే.

ఇప్పుడు అసలు విషయం. అన్‌క్వాలిఫైడ్‌లో ఉండగా నంబరు ఎలిమెంట్‌ని ఏదో అవసరం కోసం గ్లోబల్ చేశారనుకోండి. నిన్నటివరకు ప్రిఫిక్స్ లేకుండా వెళ్లిన ఫైళ్లన్నీ ఈరోజు తప్పు. పాతపట్నంలో ఉన్నవాడు ఏమీ మార్చలేదు, మార్చింది పర్లాకిమిడిలో, ఆగిపోయింది మాత్రం పాతపట్నంలో. అదే మొదటి నుంచి క్వాలిఫైడ్ అయి ఉంటే లోకలైనా గ్లోబలైనా ఫైలులో ట్యాగు ఒకేలా ఉంటుంది, మీరు లోపల ఎన్ని మార్పులు చేసుకున్నా బయటివాళ్లకి తెలియదు. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఒక్కసారి రూటు మీద పెడితే ప్రిఫిక్సుల బాధ కూడా ఉండదు. నేమ్‌స్పేస్‌లని లోపల దాచేయడానికి అన్‌క్వాలిఫైడ్ మంచిదని వాదించేవాళ్లున్నారు, నాలుగైదు స్కీమాలు కలిపి కట్టిన చోట ఆ వాదనలో కొంత పస ఉంది. ఒక్క నేమ్‌స్పేస్ ఉన్న బిల్లుకి అందులో ఏ లాభమూ లేదు.

ఆట్రిబ్యూట్ల దగ్గరకొస్తే సలహా తిరగబడుతుంది. వాటిని లోకల్‌గానే రాయండి, ఆట్రిబ్యూట్‌ఫార్మ్‌డిఫాల్ట్ ముట్టుకోకండి. గ్లోబల్ ఆట్రిబ్యూట్‌ని రెఫ్ చేస్తే ఫైలులో దానికి ప్రిఫిక్స్ తప్పనిసరి, డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఆట్రిబ్యూట్లకి వర్తించదు కాబట్టి వేరే దారి కూడా లేదు. పదిచోట్ల ఒకే ఆట్రిబ్యూట్లు కావాలంటే ఆట్రిబ్యూట్‌గ్రూప్ వాడండి, ఆ లోపలివి లోకల్‌గానే ఉంటాయి. మనకి తరచూ కావాల్సిన గ్లోబల్ ఆట్రిబ్యూట్ ఒక్కటే, ఎక్స్ఎంఎల్:లాంగ్. బరంపురం, పర్లాకిమిడి వైపు దుకాణం బోర్డే ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి ఉంటాయి, పేరు రెండుసార్లు పంపి ఏది ఏ భాషో చెప్పడానికి అది కావాలి. దాన్ని ఎక్స్ఎంఎల్ నేమ్‌స్పేస్ నుంచి ఇంపోర్ట్ చేసి రెఫ్ చేయాలి, సొంతంగా భాష అని ఇంకొకటి కనిపెట్టకండి.

కోడు తయారుచేసే టూళ్లు

జావాలో జాక్స్‌బీతో క్లాసులు తయారుచేస్తే ఒక చిత్రం జరుగుతుంది. బిల్లు గ్లోబల్ ఎలిమెంట్, దాని టైపు పేరుతో బిల్లుటైప్ అని బయట ఉంటే, తయారైన క్లాసు మీద ఎక్స్ఎంఎల్‌రూట్‌ఎలిమెంట్ అన్న గుర్తు పడదు. ఆ ఆబ్జెక్టుని నేరుగా ఫైలుగా రాయబోతే గుర్తు లేదని ఎర్రర్ వస్తుంది, ఆబ్జెక్ట్‌ఫ్యాక్టరీలో ఉన్న మెథడ్‌తో చుట్టి ఇవ్వాలి. గ్లోబల్ ఎలిమెంట్ లోపలే పేరులేని టైపు రాస్తే ఆ గుర్తు దానంతటదే పడుతుంది. అందుకని రూటు ఒక్కదానికి మాత్రం పేరులేని టైపు పెట్టి, దాని లోపల అన్నీ పేరున్న టైపులు వాడడం నాకు నచ్చిన ఏర్పాటు. రోజు చివర బిల్లుల కట్ట పంపాలంటే కట్ట అనే ఇంకో రూటు పెట్టి అందులో బిల్లుని రెఫ్ చేస్తే చాలు. బిల్లునే ఎక్స్‌టెండ్ చేసి క్రెడిట్ నోట్ చేయాలనుకుంటే మాత్రం దాని టైపుకి పేరు కావాలి, అప్పుడు ఆ చుట్టే పని తప్పదు.

పేరులేని టైపులు ఎక్కువైతే జావాలో క్లాసు లోపల క్లాసు, దాని లోపల ఇంకో క్లాసు తయారవుతాయి. డాట్‌నెట్ ఎక్స్ఎస్‌డి టూల్ పై ఎలిమెంట్ పేరూ కింది ఎలిమెంట్ పేరూ అతికించి ఏదో ఒక పేరు పెట్టేస్తుంది. ఆ పేర్లతో రోజూ కోడు రాసేది మీరే కాబట్టి టైపులకి పేర్లు మీరే పెట్టుకోవడం మేలు.

చేతిలో ఇప్పటికే ఒక స్కీమా ఉంటే

కొత్తది రాసేవాళ్లకంటే పాతది చేతికొచ్చినవాళ్లే ఎక్కువ. అంతా లోపల కుక్కేసిన స్కీమా అయితే ముందు పేరులేని టైపుల్ని ఒక్కోటీ బయటికి తీసి పేర్లు పెట్టండి. నెల రోజుల పాత బిల్లులు దగ్గర పెట్టుకుని ప్రతి మార్పు తర్వాత వాలిడేట్ చేస్తే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు. అన్‌క్వాలిఫైడ్ నుంచి క్వాలిఫైడ్‌కి మార్చడం మాత్రం చాటుగా చేసే పని కాదు, టార్గెట్ నేమ్‌స్పేస్‌కి కొత్త పేరు పెట్టి, కొంతకాలం పాతదీ కొత్తదీ రెండూ తీసుకుంటూ, అందరూ మారాక పాతది ఆపాలి.

గ్లోబల్ ఎలిమెంట్‌ని లోకల్ చేసే ముందు దాన్ని ఎవరైనా బయటి స్కీమా నుంచి రెఫ్ చేస్తున్నారేమో, రూటుగా వాడుతున్నారేమో చూడాలి. మీ ఆఫీసులో వెతికితే ఇది దొరకదు, అడగాలి. జవాబు రాకపోతే అలాగే వదిలేయండి.

అన్నీ గ్లోబల్‌గా ఉన్న స్కీమా అవతలి పెద్ద కంపెనీ నుంచి వస్తే దాన్ని బాగుచేయాలని చూడకండి, వాళ్ల కొత్త వెర్షన్ వచ్చిన రోజున మీ దిద్దుబాట్లన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. వాలిడేషన్ అయ్యాక రూటు పేరు, దాని నేమ్‌స్పేస్ మనం ఆశించినవేనా అని కోడులో ఒక లైను చెక్ పెట్టండి, పిన్ కోడ్ ఒక్కటే ఉన్న ఫైలు అక్కడే ఆగిపోతుంది.